ఎదురొచ్చిన చక్రం

ఒక ఆదివారం పొద్దున ఒక కారు చక్రం, తన కారును కొండమీద వదిలేసి, తొమ్మిది కిలోమీటర్లు ఒంటరిగా దిగొచ్చి, పదకొండు మలుపుల్లో ఒక్కదాన్నీ తప్పకుండా తిరిగి, తనను బిగించిన మెకానిక్కు ఇంటికి వెళ్ళి తలుపు కొట్టింది.

సరే, తలుపు కొట్టలేదు. చక్రానికి చేతులెక్కడివి? తొమ్మిది కిలోమీటర్లు కూడా కొంచెం ఎక్కువే. మలుపులు రెండు. ఇంటిదాకా రాలేదు, దారిలోనే ఎదురైంది. కాని వచ్చింది. ఊళ్ళో అంతమంది ఉండగా సరిగ్గా తనను బిగించినవాణ్ణే వెతుక్కుంటూ వచ్చింది. ఈ కథలో అబద్ధమంటూ ఉంటే అది అంచుల్లోనే ఉంటుంది. ఇరుసు మాత్రం నిజం.

ఆ మెకానిక్కును అందరూ బొంగరం అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని అది డ్రైవింగ్ లైసెన్సు మీద తప్ప ఎక్కడా వినపడదు. పని చేసేటప్పుడు కారు చుట్టూ తిరుగుతూ ఉంటాడు, ఆ పేరు అందుకని కొందరంటారు. అసలు సంగతి అది కాదు. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది, ఆగితే పడిపోతుంది. ఆయనా అంతే. భోజనానికి కూర్చుంటే మూడో ముద్దకు లేచి, ఏదో బిగించి వచ్చి, నాలుగో ముద్ద తింటాడు. సినిమాకు వెళితే తలుపు దగ్గర నిలబడి చూస్తాడు. ఇంట్లో గోడకున్న పెళ్ళిఫోటోలో పెళ్ళికూతురు స్పష్టంగా ఉంటుంది, అత్తగారు స్పష్టంగా ఉంటుంది, పెళ్ళికొడుకు ఉండాల్సిన చోట కాస్త పొగ ఉంటుంది.

కింద రేకుల షెడ్డు, పైన ఇల్లు. ముందుగదిలో భార్య కుట్టుమిషను. ఆవిడ పక్కవీధి ఆడవాళ్ళందరికీ బట్టలు కుడుతుంది. ఆవిడ కొలతటేపు ఎప్పుడు చూసినా కింద ఏదో కారు పొట్టకింద ఉంటుంది. జాకెట్టు కొలవడానికి వచ్చినవాళ్ళకు చేతులకు గ్రీజు అంటుకోవడం ఆ ఇంట్లో మామూలు.

ఇక అత్తగారు. ముప్పయ్యేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక ఒకే కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి. ఆ కుర్చీ ఆవిడతోపాటే రిటైరైంది, ఇంకెవరికీ అది నప్పలేదు. అలాంటావిడకు ఇలాంటి అల్లుడు దొరికాడు. పెళ్ళికి ముందే అన్నదట కూతురితో, "కుదురులేనివాడే. నువ్వు మొగుణ్ణి చేసుకుంటున్నావో, సీలింగ్ ఫ్యానును చేసుకుంటున్నావో చూసుకో."

అయితే ఆ కుదురులేనితనం మీదే ఆయన పేరు నిలబడింది. ఏ పని చేసినా చివర "ఇంకొక్కసారి" అంటాడు. ఇంకొక్కసారి విప్పుతాడు, ఇంకొక్కసారి చూస్తాడు, ఇంకొక్కసారి బిగిస్తాడు. కారు యజమాని తాళం తిప్పి బయల్దేరాక కూడా కిటికీ పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి "ఇంకొక్కసారి ఆపండి" అన్న సందర్భాలు ఉన్నాయి. ఆయన బిగించిన నట్టు ఊడిందని ఇరవై ఆరేళ్ళలో ఒక్కరూ అనలేదు.

నట్టు విషయంలో ఆయనకు ఒక లెక్క ఉంది. అది గురువుగారిచ్చింది. ఆ గురువుగారికి మిగిలినవి ఏడు వేళ్ళు, పాఠం మాత్రం ఎనిమిది అంకె మీద. "పానా ముట్టుకోకముందు నట్టును వేళ్ళతో తిప్పు. ఎనిమిది చుట్లు తిరిగితే అది బోల్టును పట్టుకున్నట్టు. తక్కువ తిరిగితే పట్టుకున్నట్టు నటిస్తున్నట్టు." బొంగరం ఎంతమంది మధ్య ఉన్నా నట్టు తిప్పుతూ పైకే లెక్కపెడతాడు. ఆయన పెదవులు కదులుతుంటే కొత్తవాళ్ళు జపం అనుకుంటారు.

ఆ షెడ్డులోకి ఒక రోజు పళ్ళ డాక్టరమ్మ తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చింది. ఇద్దరే పట్టే కారు. ముక్కు పొడుగు, తోక పొట్టి, పైన గుడ్డ కప్పు. కూర్చుంటే రోడ్డు మీదే పీట వేసుకుని కూర్చున్నట్టుంటుంది. పళ్ళు పీకడం మానేసి ఆరేళ్ళైనా ఆవిడ చేతులు ఇంకా సన్నటి పనిముట్టు పట్టుకున్నట్టే కదులుతాయి.

"ఏమయ్యా బొంగరం, మలుపులో దీని తోక నా మాట వినడం లేదు. ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఇంకో దారి. మొన్న వానలో గిర్రున తిరిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగాను."

"వెనక టైర్లు సన్నం డాక్టరమ్మా. ఆ రోజుల్లో అంతే ఇచ్చేవాళ్ళు."

"అందుకే వెడల్పువి కొన్నాను. అంగుళంన్నర ఎక్కువ. వచ్చే ఆదివారం పాత కార్లవాళ్ళమంతా కలిసి కొండెక్కుతున్నాం. శనివారానికి తగిలించెయ్యి."

"తగిలించడం ఎంతసేపు? పట్టాలి కదా!"

"దవడ చిన్నది, పన్ను పెద్దదంటావు."

"అంతే."

"నలభై ఏళ్ళు నేను చేసిందీ అదే పని. కొంచెం అరగదియ్యి, కొంచెం జరుపు, నోరు మూయించి చూడు."

ఆ మాట బొంగరానికి నచ్చింది. ఆ నిమిషం నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు.

పని వినడానికి సులువే. కారు వెనకభాగం రెండు కమాన్ల మీద కూర్చుంటుంది. కమానంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కుపట్టీల కట్ట. చక్రానికి లోపలివైపు ఆ కమాను, బయటివైపు మడ్‌గార్డు అంచు. ఆ రెండింటి సందులో సన్నటైరు హాయిగా తిరిగేది. వెడల్పు టైరు పెడితే సంతలో గొడుగు విప్పినట్టైంది. గుంత వచ్చి కారు కిందికి దిగినప్పుడు బయట అంచు టైరును కోస్తుంది, మలుపులో ఒరిగినప్పుడు లోపల కమాను కోస్తుంది.

బయట అంచు సంగతి ఆయన రెండు రోజుల్లో తేల్చాడు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డలు వేసి రంగును మెత్తబరిచి, టైరుకూ అంచుకూ మధ్య గుండ్రటి కర్ర దూర్చి, కారును అంగుళం అంగుళం ముందుకూ వెనక్కూ నెట్టించాడు. కర్ర దొర్లుతూ లోపలి అంచును పైకి మడిచేసింది. రంగు ఒక్కచోట కూడా చిట్లలేదు. ఇంకెవరైనా అయితే ఆ సాయంత్రం కాలరెగరేసేవాడు. బొంగరం దాని చుట్టూ పదిసార్లు తిరిగి, కాలుగాలిన పిల్లిలా మేడ మెట్లెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు.

"ఏమండీ, మెట్లు అరిగిపోతాయి," అంది భార్య మిషను ఆపకుండానే.

"ఎడమవైపు తేడాగా ఉంది."

"మీకా, కారుకా?"

కారుకే. టేపు పెట్టి చూస్తే, కుడి చక్రానికి లోపల వేలు దూరుతుంది, ఎడమ చక్రానికి గోరు దూరడమే కష్టం. ఏనాడో ఆ కారు చేసిన కార్ఖానాలో, ఇరుసు మీద కమాన్లు కూర్చునే దిమ్మెలు అతికించినవాడు పావంగుళం ఎడమకు జరిపి అతికించాడు. ఆ పూట పెళ్ళాంతో పోట్లాడి వచ్చి ఉంటాడు. సన్నటైర్లకు ఆ తప్పు నలభై ఏళ్ళు కనపడలేదు. వెడల్పు టైరు రాగానే బయటపడింది.

మందు తేలికే. ఎడమ చక్రానికీ దాని వెనక బ్రేకు డ్రమ్ముకూ మధ్య పావంగుళం మందం బిళ్ళ వేస్తే చక్రం అంతమేర బయటికి జరుగుతుంది. కాని ఆ బిళ్ళ బోల్టును తినేస్తుంది. ఆ బోల్టుకు అంగుళానికి ఇరవై మరలు, మరకో చుట్టు. పావంగుళం బిళ్ళ ఐదు మరలు మింగుతుంది. తొమ్మిది చుట్లు తిరగాల్సిన నట్టు నాలుగే తిరుగుతుంది. నటించే నట్టు! ఈ లెక్క బొంగరానికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. అందుకే బిళ్ళ చేయించిన రోజే నాలుగు పొడుగు బోల్టులు కూడా చేయించి చొక్కాజేబులో వేసుకున్నాడు.

ఇక మిగిలింది కొలత. ఖాళీ కారును కొలిస్తే లాభం లేదు. ఇద్దరు మనుషులు కూర్చుని కమాన్లు దిగితేనే అసలు సందు ఎంతో తెలుస్తుంది. దానికి ఆయన పద్ధతి పిండిముద్ద. వంటింట్లోంచి పిండి కలిపించుకొచ్చి, అంచుకూ కమానుకూ అంటించి, బరువులు పెట్టి కారును గుంతలో దించుతాడు. టైరు తగిలితే పిండి మీద అచ్చు పడుతుంది, తగలకపోతే నునుపుగా ఉంటుంది. డ్రైవరు చోట డాక్టరమ్మ కూర్చుంది. పక్కసీటులో ఇసుకబస్తా పెడితే అది పిగిలి సీటంతా ఇసుకైంది.

డాక్టరమ్మ కళ్ళు షెడ్డు గుమ్మంలో టైర్ల దొంతి మీద కూర్చున్న అత్తగారి మీద పడ్డాయి. ఆ నోట్లో కట్టుడుపళ్ళ పైవరస, కిందివరస పెట్టింది తనే.

"రండి, కాసేపు కూర్చోండి. మీరెలాగూ కూర్చునే ఉన్నారు."

"బస్తా బదులా?" అంది అత్తగారు. "ఎంత బరువుండేదమ్మా ఆ బస్తా?"

"డెబ్భై కిలోలు," అన్నాడు బొంగరం కారు కిందనుంచి.

"అయితే అది నాకు చెల్లెలవుతుంది. జరగండి."

ఒక్క గంట అన్నది నాలుగు రోజులైంది. ఆవిడను కూర్చోబెట్టడం, కారును గుంతలో దించడం, పిండి చూడడం, "ఇంకొక్కసారి" అనడం. మళ్ళీ దిగడం, మళ్ళీ ఎక్కడం. లోతు సీటు, లేవాలంటే ఇద్దరు పట్టాలి. ఆ నాలుగు రోజుల్లో ముందుసీట్లలో డాక్టరమ్మకూ అత్తగారికీ స్నేహం పాకానపడింది. ఆదివారం తన పక్కన కొండెక్కేది ఈవిడేనని డాక్టరమ్మ ప్రకటించేసింది కూడా. అల్లుడి మొహం మాత్రం ఆవిడకు ఒక్కసారీ కనపడలేదు. ఎటు చూసినా కారుకింద రెండు కాళ్ళు.

శనివారం మధ్యాహ్నం ఎడమవైపు బిళ్ళ వేశాడు. సందు చాలకపోతే బిళ్ళ మార్చాలి కదా అని, ముందు పాత బోల్టులకే చక్రం తగిలించాడు. చూడడానికే. చూశాక విప్పి పొడుగువి కొట్టాలని. నట్టు తిప్పుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాడు, ఆగాడు. అంతవరకు సరిగ్గానే ఉంది.

అప్పుడే పైన సీటులోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారూ, చెబుతున్నాను. ఈసారి గనక 'ఇంకొక్కసారి' అన్నారో, నేను ఈ కారులోనే కాపురం పెడతాను. నా భోజనం ఇక్కడికే పంపండి."

"ఒట్టు వేయించుకోండి," అని నవ్వింది డాక్టరమ్మ.

"వెయ్యండి ఒట్టు!"

"సరే అత్తయ్యా, అనను. ఒట్టు."

కారును దించాడు. లేపాడు. టార్చి వేసి చూశాడు. పిండి నునుపుగా ఉంది. లోపలా బయటా ఒక్క అచ్చు లేదు. రెండువైపులా సమానం, వెంట్రుకవాసి తేడా లేదు. నలభై ఏళ్ళ కిందటి పొరపాటును తన చేత్తో సరిదిద్దాడు. బొంగరానికి లోపల ఏదో ఆగింది. జీవితంలో మొదటిసారి నడుం నిటారుగా పెట్టి, చేతులు తుడుచుకుని, "సరిపోయింది," అన్నాడు.

ఆ మాట విని డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నట్లకు పానా వేసి గట్టిగా బిగించి జాకీ దించాడు. ఇంజను మోగింది. కారు వెళ్ళిపోయింది. ఆయన వెంట పరిగెత్తలేదు. పైకి వెళ్ళి నాలుగు ముద్దలు వరసగా తిన్నాడు. భార్య భయపడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి డాక్టరమ్మ వచ్చి హారన్ కొట్టింది. అత్తగారు తలకు గుడ్డ కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఎక్కి కూర్చుంది. వెళ్ళారు. పావుగంటకు భార్య మాసిన చొక్కా నానబెట్టబోతూ అలవాటు ప్రకారం జేబులు దులిపింది. ఎండిపోయిన పిండిముద్ద, సుద్దముక్క, తన టేపు, ఆ పైన ఠంగుమని నాలుగు బోల్టులు నేల మీద పడ్డాయి.

"ఇవేంటండీ?"

బొంగరం వాటివంక చూశాడు. గుండెల్లో రాయి పడటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పడిన రాయి ఆగకుండా ఇంకా కిందికి పోతూనే ఉంది. నాలుగు చుట్లు. పాత బోల్టులు. బిళ్ళ. కొండ. ఆ ఎడమ చక్రం మీద ఇద్దరు ఆడవాళ్ళు.

"మీ అమ్మకు ఫోను చెయ్యి!"

చేసింది. ఫోను పక్కగదిలో దిండుకింద మోగింది. డాక్టరమ్మ ఫోను మోగనే లేదు. నడిపేటప్పుడు ఆపేసి పెట్టడం ఆవిడకు నియమం.

పానా, సుత్తి, జాకీ సంచిలో పడ్డాయి. బోల్టులు మళ్ళీ జేబులోకి వెళ్ళాయి. షెడ్డులో నడిచే బండి ఒక్కటీ లేదు. మెకానిక్కు ఇంట్లో ఎప్పుడూ అంతే. ఎదురింటి ముందు పాలవాడి మోపెడ్ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"అయ్యయ్యో, డబ్బాలు దించుకోనివ్వవయ్యా!" అని పాలవాడు అరిచేసరికి మోపెడ్ వీధి చివర ఉంది. రెండువైపులా పాలడబ్బాలు గణగణమని మోగుతుంటే జనం పక్కకు తప్పుకున్నారు.

దారి పొడుగునా ఆయన ఒకే లెక్క వేశాడు. నాలుగు చుట్ల నట్టు తిన్నని రోడ్డు మీద ఎంతసేపు ఆగుతుంది? బహుశా ఇరవై కిలోమీటర్లు. కొండమీద? ఎడమ మలుపుల్లో బరువు కుడిచక్రం మీద పడుతుంది, కుడి మలుపుల్లో ఎడమచక్రం మీద. ఆ కొండకు కుడిమలుపులే ఎక్కువ. లోయ ఏ పక్క? ఎడమ పక్క. మోపెడ్‌కు ఇంతకంటే వేగం లేదు. ఆయన కూర్చోలేక సగం దారి పెడళ్ళ మీద నిలబడే నడిపాడు. "ఒక్క మాట అంటే పోయేది. ఇంకొక్కసారి అని ఒక్క మాట అంటే పోయేది." ఇరవై ఆరేళ్ళుగా తనను తిననివ్వకుండా, పడుకోనివ్వకుండా తరిమిన ఆ పురుగును అందరూ జబ్బన్నారు. దాన్ని ఒక్క మధ్యాహ్నం నిద్రపుచ్చాడు, అంతే.

కొండ మొదలైంది. మొదటి మలుపు. పిట్టగోడ బాగానే ఉంది, విరగలేదు. రెండో మలుపు. రోడ్డు మీద టైరు గీతలేమీ లేవు. మూడో మలుపు దగ్గర పైనుంచి ఒక చప్పుడు, కప్పు మీద వాన మొదలైనట్టు. తలెత్తి చూశాడు.

చక్రం వస్తోంది.

ఒంటరిగా, నిటారుగా, రోడ్డు మధ్యలో, ఎవరో నడుపుతున్నట్టు. పక్కన కారు లేదు, వెనక మనిషి లేదు. మలుపు దగ్గర కొండవైపు కాలవ అంచుకు ఒరుసుకుని ఒద్దికగా తిరిగింది. వెడల్పు టైరు. తాను శనివారం చేత్తో తుడిచిన రిమ్ము ఎండకు మెరుస్తోంది. బొంగరం మోపెడ్ మీదనుంచి దూకాడు. చక్రం వచ్చి పాలడబ్బాను గుద్ది, గాల్లోకి లేచి, ఆయన కాళ్ళ ముందు పడి, గిరగిరా తిరిగి, తిరిగి, చివరికి పడుకుంది. రోడ్డంతా పాలు.

మోపెడ్ హ్యాండిలు మెలిపడింది. ఆయన దాన్ని చూడలేదు. చక్రాన్ని లేపి ముందుకు దొర్లించుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాడు. ప్రతి పది అడుగులకూ ఆగి పిట్టగోడ మీదనుంచి లోయలోకి చూడాలి. చూడాలంటే కాళ్ళు రావు. చూడకపోతే కాళ్ళు కదలవు. ఎర్రగా ఏది కనపడ్డా కారే అనిపించింది. అది ఎండుటాకుల పొద. "అత్తయ్యా!" అని అరిచాడు. కొండ తిరిగి పలికింది. ఇంట్లో ఎప్పుడు పిలిచినా "వస్తున్నా, అరవకండి" అనే మనిషి, ఈ ఒక్కసారి పలకలేదు. భార్యకు ఏమని చెప్పాలి? బోల్టులు జేబులో గలగలమన్నాయి.

అక్కడినుంచి రెండో మలుపు తిరిగాడు.

కారు కొండవైపు ఒద్దికగా ఆగి ఉంది. ఎడమ తోక జాకీ మీద ఉంది. పిట్టగోడ మీద ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారు.

"చూశారా డాక్టరమ్మా," అంది అత్తగారు, అల్లుణ్ణి కాదు, చక్రాన్ని చూస్తూ. "పంపాను, పిలుచుకొచ్చింది."

బొంగరం చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

"పంపడమేంటి అత్తయ్యా?"

"కొండెక్కుతుంటే నా పళ్ళు టకటకమన్నాయి. మొదట చలేమో అనుకున్నా. చలికి అన్నీ కలిసి మోగుతాయి కదా? ఇవి చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కసారి మోగుతున్నాయి, ఒక్క ఎడమ పక్కే. డాక్టరమ్మా, నా పళ్ళు వదులైనా అయ్యుండాలి, మీ కారు వదులైనా అయ్యుండాలి అన్నా."

"నేను పెట్టిన పళ్ళు వదులు కావు," అంది డాక్టరమ్మ. "అందుకని కారు ఆపాను."

"నట్టు నేనే లెక్కపెడుతూ విప్పా. నాలుగు రోజులు మీ జపం విన్నదాన్ని కదా. ఎనిమిది అనాలి. రెండుకే చేతిలోకి వచ్చేసింది, అల్లుడుగారూ! రెండు! నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. చక్రాన్ని రోడ్డు మధ్య నిలబెట్టి, వెళ్ళి మా అల్లుణ్ణి పిలుచుకురా అని ఒక్క తన్ను తన్నా."

బొంగరానికి ఏడుపో నవ్వో రావాలి. రెండూ రాలేదు, చేతులు వచ్చాయి. డ్రమ్ము ఊడదీశాడు, పాత బోల్టులు సుత్తితో కొట్టి పడేశాడు, పొడుగు బోల్టులు వెనకనుంచి దూర్చి నట్టుతో లాగి కూర్చోబెట్టాడు. బిళ్ళ, దాని మీద చక్రం. నట్టు తిప్పుతుంటే ఆయన గొంతుతోపాటు పిట్టగోడ మీదనుంచి ఇంకో గొంతు లెక్కపెట్టింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"తప్పు నాదే అత్తయ్యా," అన్నాడు, తల ఎత్తకుండా.

"సగం నాది. ఒట్టు వేయించుకుంది నేనే కదా. ఇంట్లో చెప్పనులెండి, ఊళ్ళో అసలే చెప్పను. కాని ఒక షరతు."

"చెప్పండి."

"ఇక్కడ కూర్చోండి. నా పక్కన. ఇరవై రెండేళ్ళుగా మీ వీపుతోనే మాట్లాడాను. ఈ మధ్య మీ కాళ్ళతో మాట్లాడుతున్నా. పావుగంట కూర్చోండి చాలు."

కూర్చున్నాడు. చెప్పుకోవాల్సిన మాట ఏదో పెద్దదే ఉందనుకున్నాడు. అత్తగారు కళ్ళద్దాలు తీసింది, పళ్ళు తీసి రుమాల్లో చుట్టుకుంది, అల్లుడి భుజం మీద తల ఆనించింది. రెండు నిమిషాల్లో గురక.

ఇక ఆయన పాట్లు చూడాలి. ఎడమ మోకాలు దానంతటదే ఎగిరింది. కుడిచేత్తో నొక్కి పట్టాడు. కుడిమోకాలు మొదలుపెట్టింది. ఎదురుగా నాలుగు నట్లు. ఇంకొక్కసారి చూసుకోవాలి. లేస్తే ఈవిడ లేస్తుంది. పాత కార్లు ఒక్కొక్కటే హారన్ కొడుతూ దాటిపోయాయి. ఒకదాని సైలెన్సరు వదులు. ఇంకొకటి మూడు సిలిండర్ల మీదే నడుస్తోంది. చెప్పడానికి నోరు తెరిచాడు, డాక్టరమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. పది నిమిషాలు. ఇరవై. మోకాలు ఎప్పుడాగిందో ఆయనకు తెలియదు. అరగంట తర్వాత అత్తగారు కళ్ళు తెరిచేసరికి బొంగరం అక్కడే ఉన్నాడు.

"పదండి డాక్టరమ్మా, కొండెక్కుదాం," అని పళ్ళు పెట్టుకుంటూ లేచింది. కారు దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. "నాయనా, ఇంకొక్కసారి చూడు."

చూశాడు. ఎక్కారు. వెళ్ళారు. ఆయన కిందికి నడిచి, హ్యాండిలు మెలిపడిన డబ్బాలబండిని తోసుకుంటూ ఇల్లు చేరాడు.

ఊళ్ళో చెప్పనన్న మనిషి మాట మీద నిలబడింది. డాక్టరమ్మ అలాంటి షరతేమీ ఒప్పుకోలేదు. చక్రం సంగతి అందరూ నమ్మారు. తన్నిన సంగతి ఇంకా బాగా నమ్మారు. అరగంట కదలకుండా కూర్చున్నాడన్న దగ్గరే అందరూ పకపకా నవ్వి, కథకైనా హద్దుండాలన్నారు.

తేల్చుకోవాలని ఎవరైనా షెడ్డుకు వెళితే, కారుకింద రెండు కాళ్ళు కనపడతాయి. అడిగితే జవాబు అక్కడినుంచే వస్తుంది.

"చక్రం ఊడలేదు. ఆ కారుకు నేను వెనక చక్రాలు మార్చనే లేదు. పాలడబ్బాలు కుక్క పడేసింది. మా అత్తగారు కొండకు వెళ్ళలేదు, ఆవిడకు కొండలు పడవు. నేనసలు ఆ ఆదివారం ఊళ్ళోనే లేను. కూర్చోవడమంటారా? ఎవరు కూర్చున్నారు? నేను కూర్చోలేదు. ఆ టార్చి ఇలా ఇవ్వండి."